పిలిస్తే పది అడుగుల దూరంలో ఆగిపోతున్నాడు, చేతికి మాత్రం దొరకట్లేదు. ఏం చెయ్యాలి?

పెదవాల్తేరు_పండు_అమ్మ:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మాది వైజాగ్, పెదవాల్తేరు. మా కుక్క పండుగాడికి పదకొండు నెలలు, ఇండీయే (మన నాటు కుక్కే) కానీ కొంచెం ల్యాబ్రడార్ కలిసినట్టుంటాడు, ఒక చెవి నిలబడి ఉంటుంది ఒకటి వాలిపోయి ఉంటుంది. నెలన్నర పిల్లప్పుడు మా వీధి చివర కొబ్బరిబోండాల బండి కింద దొరికాడు. ఇంట్లో బంగారం అండి. సిట్ అంటే కూర్చుంటాడు, షేక్‌హ్యాండ్ ఇస్తాడు, గిన్నె ముందు పెట్టినా తిను అనేదాకా మూతి పెట్టడు. బయట లీష్ (పట్టుకునే తాడు) తీస్తే మాత్రం నేనెవరో తెలీనట్టే ఉంటాడు.

మొన్న ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్డుకి తీసుకెళ్ళాను, ఆ టైమ్‌లో బళ్ళు ఆపేస్తారు కదా అన్న ధైర్యంతో ఇసకలో లీష్ తీసేశాను. మొదట ఒక పది నిమిషాలు పీతల వెనకాల పరిగెత్తుకుంటూ బానే ఉన్నాడు. తర్వాత వలలు లాగేవాళ్ళ దగ్గర చేపల వాసన తగిలింది, ఇంక అంతే. పండూ రా, పండూ రా, ఒరేయ్ రారా, రారా బాబూ అని గొంతు పోయేలా అరిచా. అసలు రాకుండా ఉన్నా ఒక రకం, వస్తాడు, పది అడుగుల దూరం దాకా వస్తాడు, అక్కడ ఆగి ముందు కాళ్ళు ఇసకలో చాపేసి వెనకభాగం పైకెత్తి తోక ఊపుతూ నన్నే చూస్తాడు. నేను ఒక్క అడుగు వేస్తే వాడు రెండడుగులు వెనక్కి. నా చెయ్యి కాలర్ వైపు కదిలిందంటే చాలు మెరుపులా పక్కకి దూకుతాడు. నలభై నిమిషాలు అదే పని. చివరికి రోడ్డెక్కేశాడు, అప్పటికి బళ్ళు వదిలేశారు, ఒక బస్సు కీచుమని బ్రేక్ వేసి ఆగింది, వాడికీ టైరుకీ మధ్య మూరెడు దూరం కూడా లేదు. టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన బిస్కెట్ చూపించి పట్టుకున్నారు. నాకు ఒళ్ళంతా వణుకు, ఆ భయంలో వాడి వీపు మీద రెండు దెబ్బలు వేసేశాను. ఇంటికొచ్చి ఏడ్చాను. అప్పట్నుంచి ఇంట్లో కూడా రా అంటే లేచి నిలబడి ఆలోచిస్తున్నాడు, ఇదివరకు అలా లేదు.

మా ఆయన ఇంక జన్మలో లీష్ తియ్యొద్దు అంటున్నారు. మా అత్తగారు వీధి కుక్క బుద్ధి ఎక్కడికి పోతుంది అన్నారు, ఆ మాట నాకు చాలా కష్టంగా అనిపించింది. నిజంగా ఇండీలకి ఇది నేర్పలేమా? నేర్పగలిగితే ఎక్కడ మొదలుపెట్టాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

తార్నాక_సైకిల్:

అక్కా, ముందు ఒక మాట. పండు మొండోడు కాదు, వాడు మీరు నేర్పిందే మంచిగ నేర్చుకున్నడు, మీరు నేర్పుతున్నట్టు మీకు తెల్వలేదు అంతే. నేను పన్నెండేండ్ల సంది కుక్కలను పెంచుతున్న, మూడిట్ల రెండు ఇండీలే, మొదటిదానితోని నేను గూడ అచ్చం ఇవే తప్పులు చేసిన, అందుకే ఇంత పొడుగు రాస్తున్న.

ఒకటి అడుగుత. మీ ఇంట్ల పెరుగు ప్యాకెట్ కత్తెరతోని కత్తిరించిన చప్పుడైతే పండు ఏ గదిల పండుకున్నా ఉరికొస్తడా లేదా? వస్తడు, నాకు తెలుసు. మరి ఆ చప్పుడికి రావాలె అని వానికి ఎవరు నేర్పిన్రు? ఎవ్వరు నేర్పలే. ఆ చప్పుడు విని వచ్చిన ప్రతిసారి మూతికి పెరుగు అంటింది. ఆ చప్పుడికి వచ్చినందుకు ఒక్కనాడు గూడ స్నానం చేపియ్యలే, గొలుసు కట్టలే, తిట్టలే. రష్యాల పావ్‌లోవ్ కుక్కల మీద చేసిన ప్రయోగం బడిల చదువుకున్నం గదా, ఇదే అది. ఇప్పుడు మీ 'రా' అనే మాట లెక్క చూడుర్రి. రా అంటే స్నానం, రా అంటే గోర్లు కత్తిరించుడు, రా అంటే చెవుల మందు, బయట రా అంటే ఆట బంద్ ఇంటికి పోదాం, మొన్న ఆదివారం సంది రా అంటే దెబ్బలు. మీరే పండు అయితే వస్తరా?

ఇంకోటి, ఇది మన తెలుగోళ్ళ ఇండ్లల్ల ప్రత్యేకంగ ఉండే కష్టం. మనం పొద్దున లేచినకాడ్నుంచి మాటకొక 'రా' తగిలిస్తం. ఏంరా, తిన్నవారా, పోరా, పండుకోరా, ఎక్కడికిరా. కుక్క రోజుకు వందసార్లు ఆ చప్పుడు వింటది, తొంభై తొమ్మిదిసార్లు దానికి ఏ అర్థం ఉండది. ఇట్ల వింటూ వింటూ ఫ్యాన్ చప్పుడు లెక్క అయిపోతది, చెవుల పడుతది గాని లోపలికి పోదు. మీరు పిలిచింది గూడ పండూ రా ఒరేయ్ రారా రారా బాబూ అని, అండ్ల వాడు ఏ ముక్కకి రావాలె? మా దిక్కు 'దా' అంటరు, అది గూడ పిల్లలతోని రోజంతా అంటనే ఉంటం కాబట్టి పనికిరాలే. అందుకే కొత్త మాట పెట్టుకోవాలె, ఇంట్ల ఇంకెందుకూ వాడని మాట. నేను మా దానికి 'హాజర్' అని పెట్టిన. మీరు ఏదన్న పెట్టుకోండి, పొట్టిగ ఉండాలె, గట్టిగ పిలిస్తే దూరం పోవాలె, ఇంట్ల అందరు అదే మాట అనాలె. పాత 'రా'ని రిపేర్ చేయొద్దు, వదిలేయండి, అది ఖరాబ్ అయ్యింది.

ఇప్పుడు పని. మొదటి వారం బయట పిలువనే వద్దు. ఇంట్లనే. ఉడకబెట్టిన చికెన్, ఉప్పు కారం ఉల్లిగడ్డ ఏం లేకుండ, చిక్కుడు గింజంత ముక్కలు చేసి డబ్బాల పెట్టుకోండి. వాడు ఊరికె కూసున్నప్పుడు రెండడుగుల దూరంల నిలబడి కొత్త మాట ఒక్కసారి అని వెంటనే ముక్క నోట్ల పెట్టండి. వాడు ఏం చేయనక్కర్లే, మాట, ముక్క, మాట, ముక్క. రెండు రోజులకు ఆ మాట అనంగనే మెడ గిర్రున తిరుగుతది, అప్పుడు పక్క గదిల నుంచి అనండి. వచ్చినంక ఒక్క ముక్క ఇచ్చి పంపొద్దు అక్కా, ఇదొక్కటి మాత్రం మంచిగ పట్టుకోండి, ఐదారు ముక్కలు ఒకదాని ఎనుక ఒకటి, ఇరవై సెకన్లు పండగ లెక్క చేయాలె, మెడ రుద్దుకుంట శభాష్ అనుకుంట. అయిపోయినంక మళ్ళ వదిలేయాలె, పో ఆడుకో అని. వస్తే ఆట బంద్ అయితలేదు, తిని మళ్ళ పోవచ్చు అని వానికి తెలువాలె. పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు వదిలేయాలె.

పది అడుగుల కాడ ఆగుడు గురించి. వానికి మీ చెయ్యంటే భయం, మీరంటే కాదు. చెయ్యి కాలర్ మీద పడ్డదంటే ఆట అయిపోయింది అని లెక్కేసుకున్నడు. దానికి మందు ఏందంటే రోజు ఒక ముప్పైసార్లు ఊరికెనే కాలర్ ముట్టుకొని ముక్క ఇచ్చుడు. ముందు ముట్టుకోవాలె, తర్వాత ముక్క, క్రమం తప్పొద్దు. మొదట గదుమ కింద ఒక ఏలు తగిలిస్తే చాలు, రెండు మూడు రోజులకు రెండు వేళ్ళు కాలర్ల దూర్చి పట్టుకోవచ్చు. పైనుంచి తల మీదికి చెయ్యి తేవద్దు, కింద నుంచి గదుమ కాడికి తేవాలె. ఒక వారానికి వాడే మెడ తెచ్చి మీ చేతుల పెడుతడు, నేను చూసిన గదా.

ఆ తర్వాత తాడు. ముప్పై అడుగుల తాడు, పది మీటర్లు అనుకోండి, హార్నెస్‌కి (ఛాతి చుట్టు వేసే పట్టీకి) కట్టాలె, కాలర్‌కి అస్సలు కట్టొద్దు, ఉరికి ఉరికి ఒక్కసారి తాడు బిగిసిందంటే మెడ పట్టేస్తది. నైలాన్ తాడు సన్నగ ఉంటే మీ అరచేయి కోస్తది, నాకు రెండు వేళ్ళ మీద మచ్చలు ఇంక ఉన్నయ్. వెడల్పు పట్టీ లెక్క ఉన్నది గాని మందం నూలు తాడు గాని తీసుకోండి, వేళ్ళకి చుట్టుకోవద్దు, కింద ఈడ్చుకుంట పోనియ్యండి. దాంతోని గుంజుకోవద్దు, అది వాడు పారిపోకుండ మాత్రమే. పిలిచినంక రాకపోతే రెండోసారి పిలువొద్దు, తాడు పట్టుకొని నడుచుకుంట వాని కాడికి పోయి, మూతి కాడ ముక్క పెట్టి అట్లనే మీ దిక్కు నడిపించుకొని వచ్చి అప్పుడు ఇయ్యండి. అంటే మీరు తొందరపడి కష్టమైన కాడ పిలిచిన్రు, రేపు ఇంకొంచెం సులువైన కాడ పిలువాలె అని అర్థం. వాడు రాడు అని మీకు డౌట్ ఉన్న టైమ్‌ల అసలు పిలువకండి. పిలిచి రాకపోవుడు అలవాటైతే కొత్త మాట గూడ 'రా' లెక్కనే అయితది.

కొట్టినందుకు బాధపడకండి అక్కా, భయంల ఎవరికైన చెయ్యి లేస్తది. గాని వాడు అనుకున్నది నేను పారిపోయినందుకు కొట్టిన్రు అని కాదు, పట్టుబడ్డందుకు కొట్టిన్రు అని. అందుకే ఇప్పుడు ఆలోచిస్తున్నడు.

సీమ_కాపరి_మనవడు:

తార్నాక అన్న చెప్పిందంతా నిజం. మాది అనంతపురం పక్క పల్లె, మా తాతకి నూట ఇరవై గొర్రెలు ఉండె, రెండు నాటు కుక్కలు. ఇండీకి నేర్పలేమా అని అక్క అడిగినారు కదా, ఆ రెండూ మెడలో పట్టీ కూడా లేకుండా దినమంతా గుట్టల్లో తిరిగేవి, తాత నాలుకతో టక్ టక్ అని ఒక చప్పుడు చేస్తే ఎంత దూరంలో ఉన్నా వచ్చి కాళ్ళ దగ్గర నిలబడేవి. కుందేలు లేచినప్పుడు కూడా ఒకటి వెనక్కి తిరిగి వచ్చింది, నేను కళ్ళారా చూసినా. తాత ఆ చప్పుడు ఊరికే ఎప్పుడూ చేసేవాడు కాదు, మమ్మల్ని కూడా చెయ్యనిచ్చేవాడు కాదు, పిల్లకాయలు ఆటకి చేస్తే కొట్టేకి వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ పంచె మడతలోంచి రాగి సంగటి తుంచి గోళీ అంత ముద్ద పెట్టేవాడు. పదేండ్ల కుక్కకి కూడా పెట్టేవాడు. ఇంత పెద్దయింది కదా ఇంకా ఎందుకు తాతా అంటే, కూలికి పోయినోడికి దుడ్లు ఇయ్యకపోతే రేపు వస్తాడా అనేవాడు.

అక్క చేసిన తప్పు ఇంకొకటి ఉంది, వెంటపడడం. కుక్క వెంట మనం పరిగెత్తితే అది దానికి ఆట, దానికి నాలుగు కాళ్ళు మనకి రెండు, గెలిచేది అదే. మనం అటువైపు పరిగెత్తాల. పండు ముందు కాళ్ళు చాపి వెనక లేపి చూస్తా ఉన్నాడు అన్నారే, అది నన్ను తరుముకో అని పిలవడం. ఆ క్షణంలో వెనక్కి తిరిగి కేక వేసుకుంటా ఉరికింటే నూటికి తొంభై సార్లు వాడే వెంట వచ్చేవాడు. ఇంకా ఒక ఉపాయం, కింద గొంతుక్కూర్చుని, వాడి వైపు చూడకుండా, ఇసకలో చేత్తో ఏదో తవ్వుతున్నట్టు గీకాల, అబ్బా ఏముందిరా ఇక్కడ అని మనలో మనం మాట్లాడుకుంటా. కుక్కకి ఆత్రం ఆగదు, చూసేకి వస్తుంది. వచ్చినంక గబుక్కున పట్టుకోవద్దు, ముందు తినిపించి, తింటా ఉండగా మెల్లగా గదుమ కింద పట్టుకోవాల. మా చెల్లెలి కుక్క గేటు దాటి హైవే మీదికి పోయినప్పుడు ఇదే చేసి దాన్ని కాపాడుకున్నాము.

డల్లాస్_నాన్న:

హాయ్ అండి. మాది విజయవాడ, ఇప్పుడు డల్లాస్‌లో ఉంటున్నాం. మా హస్కీకి ఇదే ప్రాబ్లమ్, ఏడాది ట్రీట్లతో ట్రై చేశాం, ఉడతను చూస్తే చికెన్ కూడా పట్టించుకోడు. ఇక్కడ చాలామంది ఈ-కాలర్ వాడతారు, రిమోట్ నొక్కితే మెడ దగ్గర చిన్న కరెంటు జిల్లు తగులుతుంది. మా ట్రైనర్ తక్కువ లెవెల్‌లో పెట్టి నేర్పించారు, రెండు వారాల్లో తేడా కనపడింది. బస్సు కింద పడేదానికన్నా ఇది నయం కదా అని నా ఉద్దేశం. అందరూ ఒప్పుకోరని తెలుసు, కానీ మా అనుభవం చెప్తున్నాను.

పశువైద్యం_తిరుపతి:

నేను తిరుపతిలో పశువైద్యుణ్ణి, పన్నెండేళ్ళుగా చిన్న జంతువులే ఎక్కువ చూస్తున్నాను. డల్లాస్ గారూ, మీ భయం నాకు అర్థమైంది, మీరు మంచి మనసుతోనే చెప్పారు. అయినా నేను ఒప్పుకోలేను. కుక్క ఆ నొప్పిని మన పిలుపుతోనే ముడిపెట్టుకుంటుందన్న హామీ లేదు, ఆ క్షణంలో కంటి ముందు ఏముంటే దానితో ముడిపెట్టుకుంటుంది. ఎదురుగా చిన్నపిల్ల ఉంటే పిల్లంటే భయం, ఇంకో కుక్క ఉంటే కుక్కంటే కోపం. అలా మొదలైన కరిచే అలవాటు తర్వాత మా దగ్గరికి వస్తుంది, దాన్ని మాన్పించడం చాలా కష్టం. వేల్స్‌లో 2010లోనే ఈ కరెంటు కాలర్లను నిషేధించారు. పండు విషయంలో అయితే అసలే వద్దు, వాడికి ఇప్పటికే మెడ దగ్గరికి ఏదన్నా వస్తే బెదురు, మనం తియ్యాల్సింది ఆ బెదురే.

పండు అమ్మగారూ, వయసు గురించి ఒక విషయం. పదకొండు నెలలంటే మన పిల్లల్లో పదో తరగతి వయసు అనుకోండి. 2020లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ యూనివర్సిటీ వాళ్ళు గైడ్ డాగ్ (చూపు లేనివాళ్ళకి దారి చూపే కుక్క) పిల్లల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. ఐదు నెలల వయసులో కూర్చో అంటే కూర్చున్న కుక్కలే ఎనిమిది నెలలకి వచ్చేసరికి పెంచినవాళ్ళ మాట వినడం తగ్గించాయి, అదే మాట కొత్త మనిషి చెప్తే మాత్రం విన్నాయి. ఏడాది వయసు దాటేసరికి మళ్ళీ దారిలో పడ్డాయి. కాబట్టి ఇది వీధి కుక్క బుద్ధి కాదు, ఏ జాతికైనా వచ్చే వయసు. మీ అత్తగారికి ఈ మాట నేను చెప్పానని చెప్పండి. ఈ వయసులో కొడితే, అరిస్తే ఆ దూరం పెరుగుతుంది, ఓపిక పడితే దాటిపోతుంది.

ఒకసారి చెవులు చూపించండి. ఒక చెవి వాలి ఉంటుంది అన్నారు, సముద్రం నీళ్ళల్లో తడిసే కుక్కకి ఆ చెవిలో ఇన్ఫెక్షన్ తొందరగా వస్తుంది. తల విదిలించడం, చెవి గోక్కోవడం, పుల్లటి వాసన రావడం ఉంటే నొప్పి ఉన్నట్టే, అలాంటప్పుడు మెడ దగ్గరికి చెయ్యి వస్తే ఎవరికైనా తప్పుకోవాలనే ఉంటుంది. ఎన్నోసార్లు మొండితనం అనుకుని తెస్తారు, చూస్తే చెవిలో చీము ఉంటుంది.

తిండి విషయంలో, రోజూ ఇంత చికెన్ పెడుతున్నప్పుడు మామూలు అన్నంలో అంత తగ్గించండి. చికెన్ లివర్ ఉడకబెట్టి పెడితే ఇంకా ఇష్టంగా తింటాయి, కానీ వారానికి రెండు రోజులు చాలు. ఎండుద్రాక్ష, ద్రాక్ష, ఉల్లిపాయ, చాక్లెట్ ఎంత చిన్న ముక్కైనా వద్దు. రేబీస్ టీకా ఏడాదికోసారి తప్పకుండా ఉండాలి, బీచ్‌లో వీధి కుక్కలతో కలుస్తాడు కదా. మెడలో మీ ఫోన్ నంబరు ఉన్న బిళ్ళ ఈరోజే చేయించండి, చాలా చిన్న ఖర్చు. దీపావళికి వారం ముందు నుంచి వారం తర్వాత దాకా ఎంత నేర్చిన కుక్కనైనా బయట వదలొద్దు, బాంబు చప్పుడుకి బెదిరిన కుక్కకి ఏ పిలుపూ వినపడదు. ప్రతి ఏడూ దీపావళి మర్నాడు మా క్లినిక్‌కి తప్పిపోయిన కుక్కల ఫోటోలు పట్టుకుని వస్తారు, ఆ రోజు నాకు చాలా బాధగా ఉంటుంది.

ఎంవీపీ_మార్నింగ్_వాక్:

నేను కుక్కల్ని పెంచను, కానీ రోజూ అదే బీచ్‌లో నడుస్తాను కాబట్టి రాస్తున్నాను, ఏమనుకోకండి. మా మనవరాలికి ఐదేళ్ళు. ఒకసారి లీష్ లేని కుక్క ఆడుకుందామనే వచ్చింది, కరవలేదు, మీద కాళ్ళు వేసిందంతే, కానీ పిల్ల ఆర్నెల్లు బీచ్‌కి రానంది. ఆ కుక్క తాలూకు అబ్బాయి దూరంగా నిలబడి ఏం చెయ్యదండీ అని అరుస్తున్నాడు గానీ పిలిస్తే అది వెళ్ళట్లేదు. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం జంతువు వల్ల మనుషులకి ప్రమాదం రాకుండా యజమాని జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు గానీ ఐదు వేల దాకా జరిమానా గానీ ఉంటుంది. అమ్మా, మీరు నేర్పించాలని తాపత్రయపడుతున్నారు, చాలా సంతోషం. నేర్చుకునేదాకా మాత్రం తాడు మీద ఉంచండి, మాలాంటి వాళ్ళం కూడా అక్కడ తిరుగుతాం.

పెదవాల్తేరు_పండు_అమ్మ:

అందరికీ చాలా థ్యాంక్సండి, రెండుసార్లు చదివాను, డాక్టర్ గారి మాటలు అత్తయ్యకి చదివి వినిపించాను, ఆవిడ ఏమీ అనలేదు కానీ సాయంత్రం వాడికి గుడ్డు ఉడకబెట్టి పెట్టారు. ఎంవీపీ అంకుల్, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్, మీ మనవరాలికి అలా జరిగినందుకు సారీ, ఇంక తాడు లేకుండా ఇసకలోకి దింపను. రెండు డౌట్లు. మా ఇంట్లో శనివారం, కార్తీకమాసం నెలంతా నాన్‌వెజ్ వండరు, ఆ రోజుల్లో ఏం పెట్టాలి? రెండోది, విజిల్ వాడొచ్చా? నా గొంతు అంత దూరం వెళ్ళదు, పైగా కంగారు పడితే గొంతు మారిపోతుంది, వాడికి అది తెలిసిపోతుంది.

తార్నాక_సైకిల్:

పనీర్ చిన్న ముక్కలు, ఉడకబెట్టిన చిలగడదుంప, పచ్చి కొబ్బరి ముక్క, వీటికి గూడ పిచ్చిగ వస్తరు. ఏది ఇష్టం అన్నది మీరు డిసైడ్ చేయొద్దు, నాలుగు రకాలు నేల మీద పెట్టి వదిలేయండి, ఏదాని మీదికి ముందు పోతడో అదే మీ జీతం. ఆ జీతం ఈ పిలుపుకి తప్ప ఇంక దేనికీ ఇయ్యొద్దు, సిట్‌కి షేక్‌హ్యాండ్‌కి బిస్కెట్ చాలు.

విజిల్ మస్తు మంచిది, మీరు కోపంల ఊదినా ఏడ్చుకుంట ఊదినా ఒక్కటే చప్పుడు, ఇంట్ల ఎవరు ఊదినా ఒక్కటే. కాని ఒక జాగ్రత్త. మా గల్లీల రాత్రి గూర్ఖా విజిల్ ఊదుకుంట తిరుగుతడు, మా రెండోదానికి నేను విజిల్ నేర్పుతుంటే అది రాత్రంత లేచి చికెన్ కోసం తలుపు కాడికి పోవుడు మొదలుపెట్టింది, నాలుగు రోజులు ఏం దొరకకపోయేసరికి నా విజిల్ గూడ పట్టించుకునుడు బంద్ చేసింది. మీ బీచ్‌ల లైఫ్‌గార్డులు ఊదుతరు, సిగ్నల్ కాడ ట్రాఫిక్ పోలీసులు ఊదుతరు. కాబట్టి పొడుగు విజిల్ వద్దు, పిప్ పిప్ పిప్ అని మూడు పొట్టివి, ఎప్పుడూ అవే మూడు. మాటకు నేర్పినట్టే మళ్ళ మొదటి నుంచి, ఇంట్లనే, విజిల్, ముక్క. వేరే అక్కరకు ఊదొద్దు, పిల్లల చేతికి ఇయ్యొద్దు.

సీమ_కాపరి_మనవడు:

పనీర్‌కి తోడు ఇంకొకటి. ఇంటికి పోయేటప్పుడు ఆఖరుసారి పిలిచి తాడు కడతారు చూడండి, దాన్ని కుక్క రెండు రోజుల్లో కనిపెడుతుంది. మధ్యమధ్యలో నాలుగైదు సార్లు పిలిచి, లీష్ తగిలించి, పది అడుగులు నడిచి, ముద్ద పెట్టి, మళ్ళీ లీష్ తీసి వదలాల. అప్పుడు లీష్ తగిలిందంటే అయిపోయినట్టు కాదు అని తెలుస్తుంది. నిజంగా పోవాల్సినప్పుడు పిలవకండి, మీరే మెల్లగా దగ్గరికి పోయి ముద్ద పెట్టి తగిలించుకోండి.

పెదవాల్తేరు_పండు_అమ్మ:

నాలుగు వారాలైంది, చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను. మేం పెట్టుకున్న మాట 'జామ్‌జామ్'. మా అబ్బాయి పెట్టాడు, ఇంట్లో ఇంకెవరూ ఏ సందర్భంలోనూ అనని మాట కావాలి అంటే అదే దొరికింది. ముందు చెవులు చూపించాను, డాక్టర్ గారు చెప్పినట్టే వాలిన చెవిలో ఇన్ఫెక్షన్ ఉంది, పది రోజులు చుక్కలు వేశాం. నాకు తెలీకుండా నొప్పి ఉన్న మెడనే ఇన్నాళ్ళూ పట్టుకుని లాగుతున్నానన్న మాట, ఆ రోజు క్లినిక్‌లోనే వాడికి సారీ చెప్పుకున్నాను.

మొదటి వారం హాల్లో, వంటింట్లో. రెండో వారం డాబా మీద, అక్కడ కాకులు ఉంటాయి, పక్కింటి మేడ మీద పిల్లి ఉంటుంది, నాలుగు రోజులు సగంసార్లే వచ్చాడు, మళ్ళీ హాల్లోకి తెచ్చి రెండు రోజులు చేసి అప్పుడు ఎక్కించాను. కాలర్ ముట్టుకోవడం రోజూ రెండు పూటలా. పన్నెండో రోజు అనుకుంటా, నేను సోఫాలో కూర్చుని ఫోన్ చూసుకుంటుంటే వాడొచ్చి నా మోకాలి మీద గడ్డం ఆనించి మెడ ముందుకి పెట్టి చూస్తున్నాడు, ముట్టుకో మరి అన్నట్టు. తార్నాక అన్నయ్యా, మీరు రాసింది అక్షరాలా జరిగింది, డబ్బా తేవడానికి లేస్తుంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మూడో వారం నుంచి ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) గ్రౌండ్‌లో ముప్పై అడుగుల పట్టీ తాడుతో. మొన్న శుక్రవారం దూరంగా ఇద్దరు పిల్లలు బంతి ఆడుతున్నారు, బంతి వీడి వైపు దొర్లింది, వీడు దూకాడు, తాడు నేల మీద జరజరా వెళ్ళిపోతోంది, ఇంకో పది అడుగులే ఉంది. నేను వెనక్కి తిరిగి పరిగెత్తుతూ ఒక్కసారే జామ్‌జామ్ అన్నాను. చూడకుండా పరిగెత్తుతున్నా కదా, నాకు తెలీదు ఏమవుతుందో. వెనకాల గిట్టల చప్పుడులా దబదబా వినపడింది, నన్ను దాటుకుని వెళ్ళి ఎదురుగా తిరిగి కూర్చున్నాడు, నాలుక బయటపెట్టి, మెడ ముందుకి పెట్టి. డబ్బాలో ఉన్న లివరంతా పెట్టేశాను. తర్వాత పో ఆడుకో అని వదిలేశాను, పిల్లలు కూడా బంతి వేశారు వాడికి.

ఇంకా రాని చోట్లున్నాయి. వలల దగ్గర చేపల వాసన వస్తే చెవి ఇటు తిరుగుతుంది కానీ కాళ్ళు కదలవు, అందుకని అక్కడ పిలవడం మానేసి వంద అడుగుల దూరంలో నిలబడి చేస్తున్నాం, రోజుకి కొంచెం కొంచెం దగ్గరికి వెళ్తున్నాం. మా ఆయన ఇప్పటికీ ఒకసారి అనమంటే మూడుసార్లు అంటున్నారు, ఆయనకి విజిల్ ఇచ్చేశాను, పిప్ పిప్ పిప్ తో ఆగిపోతున్నారు. ఈ ఆదివారం తాడుతోనే మళ్ళీ బీచ్‌కి వెళ్తున్నాం, ఎంవీపీ అంకుల్, మీ మనవరాలిని తీసుకొస్తానంటే చెప్పండి, పండుని దూరంగా కూర్చోబెడతాను, తను ఎక్కడి దాకా రావాలనుకుంటే అక్కడి దాకే.